ఆంటారియోలో కారు కొంటున్నారా? ప్రకటనలో ధరే బిల్లులోనూ ఉండాలి

కెనడాలోని ఆంటారియోలో ఒక కార్ల డీలర్‌షిప్‌లో ప్రకటనలు పెట్టడం నా ఉద్యోగం. లాట్‌లోకి కారు రాగానే ఫొటోలు తీసి, వివరాలు రాసి, ధర వేసి వెబ్‌సైట్లలోకి ఎక్కిస్తాను. ఈ సంగతి తెలిసిన మనవాళ్లు మొదటి కారు కొనేటప్పుడు "అన్నా, ఒకసారి తోడు వస్తావా" అని ఫోన్ చేస్తుంటారు. వీలైతే వెళ్తాను. అక్కడ ఎక్కువగా వచ్చే గొడవ ఒకటే. ఆన్‌లైన్‌లో చూసిన ధర ఒకటి, టేబుల్ మీదికి వచ్చిన కాగితంలో ధర ఇంకొకటి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది ఇక్కడి పద్ధతేమో అనుకుని సర్దుకుపోతారు. చట్టం మాత్రం దీన్ని ఒప్పుకోదు.

ఆ చట్టం పేరు మోటార్ వెహికల్ డీలర్స్ యాక్ట్, 2002. పేరులో 2002 ఉన్నా అమల్లోకి వచ్చింది 2010 జనవరి 1న. దాని కింద ఉన్న 333/08 నంబర్ రెగ్యులేషన్‌లో ప్రకటనల గురించి నియమాలున్నాయి. అమలు చేసేది ఓమ్‌విక్, అంటే ఆంటారియో మోటార్ వెహికల్ ఇండస్ట్రీ కౌన్సిల్. డీలర్లకీ, వాళ్ల దగ్గర పనిచేసే సేల్స్‌వాళ్లకీ రిజిస్ట్రేషన్ ఇచ్చేది, తప్పు చేస్తే పిలిచి అడిగేది ఆ సంస్థే.

నియమాన్ని మన మాటల్లో చెప్పాలంటే ఇంతే: రిజిస్టర్డ్ డీలర్ ఫలానా కారు అని చూపించి ధర వేస్తే, ఆ కారు కొనడానికి డీలర్ మన దగ్గర వసూలు చేయదలచుకున్నదంతా ఆ ధరలోనే ఉండాలి. అందరూ దీన్ని ఆల్-ఇన్ ప్రైస్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఫ్రైట్, డెలివరీకి ముందు చేసే ఇన్‌స్పెక్షన్ అంటే పీడీఐ, అడ్మిన్ ఫీజు, డాక్యుమెంట్ ఫీజు, ప్రభుత్వ లెవీలు, ఓమ్‌విక్ ఫీజు, టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబర్ చెక్కినందుకు ఎచింగ్, వీల్ లాక్‌లు, ఆఖరికి ట్యాంకులో పోసిన పెట్రోల్ కూడా. డీలర్ తీసుకునేదైతే అది ధరలో కలవాలి.

బయట ఉంచడానికి అనుమతి ఉన్నవి రెండే రెండు. ఒకటి 13 శాతం హెచ్ఎస్‌టీ, అంటే అమ్మకపు పన్ను, రెండోది లైసెన్సింగ్. అవి కూడా ఊరికే వదిలేయడానికి లేదు. "హెచ్ఎస్‌టీ, లైసెన్సింగ్ అదనం" అని ప్రకటనలో స్పష్టంగా, కనిపించేలా రాయాలి. అలా రాయలేదంటే అవీ ఆ ధరలో ఉన్నట్టే లెక్క. ఇక్కడ ఒక కిటుకు గమనించండి. కొందరు "ప్లస్ ట్యాక్స్ అండ్ ఫీజ్" అని రాస్తారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఫీజులు అదనం అని రాయడానికి వీల్లేదు. ఆ ముక్క కనపడిందంటే లోపల ఏదో దాచిపెట్టారని నేను ముందే అనుకుంటాను.

లైసెన్సింగ్ అంటే ప్లేటు, పర్మిట్ ఖర్చు. కొత్త ప్లేట్లూ పర్మిట్ కలిపి 59 డాలర్లు. మీ పాత ప్లేట్లే మార్చుకుంటే అంతకన్నా తక్కువ. మామూలు కార్లకు ఏటేటా కట్టే స్టిక్కర్ ఫీజు 2022 మార్చిలోనే తీసేశారు. కాబట్టి బిల్లులో "లైసెన్సింగ్ 250" అని కనిపిస్తే, మిగతాది దేనికని అడగండి. సర్వీస్ ఆంటారియోకి, అంటే ప్లేట్లిచ్చే ప్రభుత్వ ఆఫీసుకి, మనిషిని పంపిన ఖర్చు అంటారు. ఆ ఖర్చు డీలర్ పెట్టుకున్నది, కాబట్టి ముందే ధరలో ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అసలు ప్రకటనలో ధర వేసి తీరాలనే నియమం లేదు. "ధర కోసం ఫోన్ చేయండి" అని రాసుకోవచ్చు. అలాంటి ప్రకటన చూసి వెళ్తే ఈ నియమం మనకు పెద్దగా అక్కరకు రాదు. అందుకే ధర లేని ప్రకటనల జోలికి వెళ్లొద్దని మావాళ్లకి చెబుతాను. ధర వేసినవే బోలెడున్నాయి.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని

కారు నచ్చిందా, వెంటనే ప్రకటన స్క్రీన్‌షాట్ తీయండి. పైన వెబ్‌సైట్ అడ్రస్, ఫోన్‌లో తేదీ, ధర, స్టాక్ నంబర్, డీలర్ పేరు, ఆ కారుని గుర్తించే 17 అక్షరాల విన్ నంబర్, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు, అన్నీ పడాలి. ఒక్క స్క్రీన్‌లో పట్టకపోతే రెండు మూడు తీయండి. ధర మార్చడం నాకు నిమిషం పని. మధ్యాహ్నం మీరు చూసిన ధర సాయంత్రం మీరు షోరూమ్‌కి వచ్చేసరికి ఉండకపోవచ్చు. అప్పుడు మీ మాటకి ఆధారం మీ ఫోన్‌లో ఉన్న ఫొటోయే.

తర్వాత ఫోన్ కాకుండా మెయిల్ చేయండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. స్టాక్ నంబర్ రాసి, "ఈ ధరకి హెచ్ఎస్‌టీ, లైసెన్సింగ్ తప్ప ఇంకేమైనా కలుపుతారా? అన్నీ కలిపి చివరికి ఎంతవుతుందో రాసి పంపండి" అని అడిగితే చాలు. సరైన డీలర్ అయితే ఆ రోజో మర్నాడో అంకె పంపిస్తాడు. "మీరు రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అనే జవాబు వచ్చిందంటే వాళ్ల దగ్గర చెప్పడానికి మంచి అంకె లేదని అర్థం. అలాంటి చోటికి బస్సులు మారి, రెండు గంటలు వృథా చేసుకుని వెళ్లడం ఎందుకు?

ఓమ్‌విక్ వెబ్‌సైట్‌లో డీలర్ పేరు కొట్టి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి. ఒక్క నిమిషం పడుతుంది.

టేబుల్ దగ్గర

ఆ మధ్య మా తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఒకడితో సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లాను. ప్రకటనలో 18,995 డాలర్లు, కింద "ప్లస్ హెచ్ఎస్‌టీ అండ్ లైసెన్సింగ్". కారు బాగుంది, వాడికి నచ్చింది. బిల్ ఆఫ్ సేల్, అంటే మనం సంతకం పెట్టాల్సిన అమ్మకం కాగితం, టేబుల్ మీదికి వచ్చింది. కారు ధర 18,995 అనే ఉంది, అక్కడేం తేడా లేదు. దాని కిందే వరసగా అడ్మిన్ 499, ఎచింగ్ 299, సేఫ్టీ 695. ఆ తర్వాత హెచ్ఎస్‌టీ. చివర్లో ప్లేట్లకి 59. మొత్తం 23,210 డాలర్ల 44 సెంట్లు.

నేను ఫోన్‌లో లెక్క వేశాను. 18,995 మీద 13 శాతం 2,469.35. ప్లేట్లు కలిపితే 21,523.35 అవ్వాలి. తేడా 1,687 డాలర్ల తొమ్మిది సెంట్లు. ఇందులో మళ్లీ ఆ మూడు ఫీజుల మీద పడిన హెచ్ఎస్‌టీ ఒక్కటే 194 డాలర్లు. అక్రమంగా కలిపిన ఫీజు మీద పన్ను కూడా మనమే కట్టాలన్నమాట.

"అడ్మిన్ అందరికీ ఉంటుందండి, కంప్యూటర్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది" అన్నాడు ఫైనాన్స్ మేనేజర్.

"వస్తే రానివ్వండి. ప్రకటనలో వేసిన ధరలో అది కలిసి ఉండాలి కదా" అని స్క్రీన్‌షాట్ ముందు పెట్టాను.

మావాడు నా మోచేయి గిల్లుతున్నాడు. "పోనీలే అన్నా, వదిలేద్దాం, కారు పోతుందేమో" అని గుసగుసలు. మన పిల్లల బలహీనత ఇదే. కారు పోతుందన్న భయం. "నువ్వు ఆగరా" అని, ఆయనతో ఎచింగ్ సంగతి అడిగాను. అది ఇప్పటికే చేసేశాం, తీయడం కుదరదన్నాడు. నిజమే, చేసేసిన ఎచింగ్ పోదు. కానీ ముందే చేసి డబ్బు తీసుకోదలిస్తే ప్రకటన ధరలో కలపాల్సింది. తీయలేకపోవడం డీలర్ సమస్య, కొనేవాడిది కాదు. ఆయన కాసేపు లోపలికి వెళ్లి వచ్చాడు. కొత్త కాగితంలో మూడు ఫీజులూ లేవు. గొంతు పెంచాల్సిన పని కూడా పడలేదు.

ఇలా కూర్చున్నప్పుడు నెలవారీ వాయిదా గురించి మాట్లాడటానికి తొందరపడకండి. ముందు మొత్తం ధర తేల్చుకోండి. ప్రకటన పక్కన బిల్లు పెట్టి, ఒక్కొక్క లైను మీదా వేలు పెట్టి చదవండి. హెచ్ఎస్‌టీ, లైసెన్సింగ్ కానిది, మీరు అడగనిది ఏ లైనైనా ఉంటే "ఇది ప్రకటనలో ఎక్కడుంది?" అనండి. మీరు కావాలని అడిగి తీసుకునేవి వేరు. ఎక్స్‌టెండెడ్ వారంటీ, రస్ట్ ప్రూఫింగ్, వింటర్ టైర్లు లాంటివి మీ ఇష్టం మీద, మీ ఒప్పుదలతో కలపొచ్చు. వద్దంటే కారు అమ్మం అన్నారంటే మాత్రం అది ఐచ్ఛికం కాదు, బలవంతపు ఫీజే. అలాంటప్పుడు అదీ ధరలో ఉండాల్సిందే.

సంతకం పెట్టాక "ఆలోచించుకున్నాను, వద్దు" అని వెనక్కివ్వడానికి ఆంటారియోలో కార్లకి కూలింగ్-ఆఫ్ పీరియడ్ లేదు. ఊళ్లో ఎవరో పది రోజులని చెప్పారని నన్ను అడిగినవాళ్లున్నారు. అది ఇంటికొచ్చి అమ్మేవాళ్ల ఒప్పందాల్లాంటి వాటికి ఉన్న వెసులుబాటు, షోరూమ్‌లో కొన్న కారుకి వర్తించదు. కిలోమీటర్ల లెక్క, కారు గతంలో దేనికి వాడారు, టైటిల్ బ్రాండింగ్ (బాగా దెబ్బతిన్న కారని రికార్డులో వేసే ముద్ర) లాంటి ముఖ్యమైన విషయాలు డీలర్ చెప్పకుండా దాచితే 90 రోజుల్లోపు ఒప్పందం రద్దు చేసుకునే హక్కుంది. ఫీజు ఎక్కువైందని మాత్రం ఆ హక్కు రాదు. కాబట్టి పేచీ ఏదైనా సంతకానికి ముందే.

సేఫ్టీ అనే పెద్ద సందు

వాడిన కార్ల ప్రకటనల్లో అతి ఎక్కువ గందరగోళం సేఫ్టీ సర్టిఫికెట్ దగ్గరే. ఆ సర్టిఫికెట్ లేకుండా కారుని రోడ్డు మీద నడపడానికి మీ పేరుతో ప్లేట్లు ఇవ్వరు. సర్టిఫై చేయని కారుని ఆ ధరకే ప్రకటించడానికి డీలర్‌కి వీలుంది. కాకపోతే ఈ కారు నడపడానికి పనికిరాదు, సర్టిఫై చేయలేదు, కావాలంటే ఇంత డాలర్లకి చేయిస్తాం అని ప్రకటనలోనే స్పష్టంగా రాయాలి. ఆ మాట లేకుండా ధర వేసి, టేబుల్ దగ్గర సేఫ్టీకి 695 అంటే చెల్లదు. మా తమ్ముడి బిల్లులో జరిగింది అదే.

అందుకని తక్కువ ధర చూసి గంతేయకుండా ఆ వాక్యం కోసం అడుగున వెతకండి. ఉందనుకోండి, సేఫ్టీ ధర కలిపాకే పక్క కారుతో పోల్చండి. "యాజ్-ఈజ్", అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతాం అని ఉన్న కారు గురించి నా అభిప్రాయం అడిగితే, చేతిలో తెలిసిన మెకానిక్ ఉంటే తప్ప కొత్తగా వచ్చినవాళ్లు వాటి వైపు చూడకపోవడమే మంచిది.

అన్నట్టు, అద్దెకి తిప్పిన కారు, ట్యాక్సీ, పోలీసు బండి అయితే ఆ విషయం కూడా ప్రకటనలో చెప్పాలి. ధర మరీ తక్కువగా ఉందంటే కారణం అక్కడే ఉండొచ్చు.

కొత్త కార్ల విషయంలో

కొత్త కారుకి మనవాళ్లు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో రంగూ మోడలూ ఎంచుకుని ధర చూసుకుంటారు. అక్కడ పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎంఎస్ఆర్‌పీ, అంటే కంపెనీ సూచించే ధర. ఫ్రైట్, పీడీఐ దాని కింద విడిగా ఉంటాయి, అవి తక్కువేం కాదు. ఓమ్‌విక్ అజమాయిషీ చేసేది డీలర్ల మీద, తయారీ కంపెనీల మీద కాదు. కంపెనీలు ఫెడరల్ కాంపిటీషన్ యాక్ట్ కిందికి వస్తాయి. ముందు తక్కువ ధర చూపించి, తప్పించుకోలేని ఫీజులు తర్వాత కలిపే పద్ధతిని 2022 జూన్ నుంచి ఆ చట్టం పేరు పెట్టి మరీ తప్పన్నది. ఏదేమైనా బేరానికి కంపెనీ సైట్ అంకెతో కాకుండా డీలర్ ప్రకటించిన అంకెతో వెళ్లండి. అందులో ఫ్రైట్, పీడీఐ, ఏసీ ఉన్న కారుకి 100 డాలర్ల ఫెడరల్ ఎక్సైజ్ అన్నీ కలిసే ఉండాలి.

ఇక బై-వీక్లీ వాయిదాల ప్రకటనలు. "169 డాలర్లు బై-వీక్లీ" అని చూసి నెలకి 338 అనుకుంటారు. రెండు వారాలకోసారి అంటే ఏడాదికి 24 కాదు, 26 వాయిదాలు. 84 నెలలకి అవి 182. మొత్తం 30,758 డాలర్లు. వాయిదా కనిపించిన ప్రతిచోటా ఈ గుణకారం చేసి, వడ్డీ ఎంత శాతం, హెచ్ఎస్‌టీ అందులో ఉందా లేదా, ముందు ఎంత కట్టాలి అనేవి చదవండి. ఫైనాన్స్ తీసుకుంటేనే ఆ ధర అనే షరతు ఉంటే అదీ ప్రకటనలో కనిపించాలి.

మీ పాత కారు డీలర్‌కే ఇచ్చేస్తే, దాని విలువ తీసేశాక మిగిలిన మొత్తం మీదే హెచ్ఎస్‌టీ వేస్తారు. బిల్లులో ఆ వరస తారుమారు కాకుండా చూసుకోండి.

ప్రకటన రాసేవాళ్లకి

ఇప్పుడు మనవాళ్లు కూడా చాలామంది సేల్స్‌లో చేరుతున్నారు, సొంతంగా లాట్లు పెడుతున్నారు. వాళ్లకి నా పద్ధతి చెబుతాను. కారు ధర ఆలోచించే ముందు ఆ కారు మీద నేను కస్టమర్ దగ్గర తీసుకునేవన్నీ ఒక కాగితం మీద రాస్తాను. అడ్మిన్, సేఫ్టీ, ఓమ్‌విక్ ఫీజు, ముందే బిగించిన సామాన్లు. అన్నీ కారు ధరకి కలిపాక వచ్చిన అంకె ఒక్కటే బయటికి వెళ్తుంది. దాని పక్కనే, అదే చూపులో పడేలా "ప్లస్ హెచ్ఎస్‌టీ అండ్ లైసెన్సింగ్". స్క్రోల్ చేస్తే తప్ప కనపడని అడుగున కాదు.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. మన ఇన్వెంటరీ సిస్టమ్ నుంచి నాలుగైదు సైట్లకి ధర దానంతటదే వెళ్తుంది. మన సైట్‌లో అన్నీ కలిపిన ధర ఉంటే, ఇంకో సైట్‌కి పాత ధరో, ఫీజు కలపని ధరో వెళ్లి ఉండొచ్చు. కస్టమర్ ఏ సైట్ చూసి వచ్చాడో మనకి తెలియదు. సైట్ తప్పు అంటే ఓమ్‌విక్ వినదు. ధర మార్చిన ప్రతిసారీ నేను ఫోన్‌లో, మామూలు కస్టమర్‌లా, ప్రతి సైట్ తెరిచి చూస్తాను. ఫొటో మీద అచ్చేసిన ధర కూడా మార్చాలి, చాలామంది మర్చిపోయేది అదే. కారు అద్దం మీద రాసిన అంకె కూడా ప్రకటనే.

డీలర్‌షిప్ పేరు లేకుండా సొంత ఫేస్‌బుక్ అకౌంట్‌లో "ఫ్రెండ్స్, మంచి కారు ఉంది" అని పెట్టే సేల్స్ తమ్ముళ్లున్నారు. మీరు రిజిస్టర్డ్ సేల్స్‌పర్సన్, ఆ కారు డీలర్‌ది. డీలర్ పేరూ, అన్నీ కలిపిన ధరా రెండూ రాయండి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు కూడా అలాగే. చట్టాన్ని మీరితే మనిషికి 50,000 డాలర్ల వరకు, కంపెనీకి 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. అడ్మిన్ ఫీజు కోసం అంత రిస్కా?

మాట వినకపోతే

డీలర్ ఒప్పుకోకపోతే సేల్స్ మనిషితో వాదించకుండా మేనేజర్‌కి మెయిల్ రాయండి. స్క్రీన్‌షాట్, వాళ్లిచ్చిన బిల్లు ఫొటో జతచేసి, తేడా ఎంతో రాయండి. సంతకం చేయకుండా ఆ కాగితం కాపీ అడిగితే కొందరు ఇవ్వరు, ఫొటో తీసుకోనివ్వండి అనండి. అదీ కుదరదంటే లేచి వచ్చేయండి. మెయిల్‌కి జవాబు రాకపోతే ఓమ్‌విక్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, ఆన్‌లైన్‌లోనే. ముందు డీలర్‌తో మాట్లాడి రాజీ చేసే ప్రయత్నం చేస్తారు. కోర్టులా డబ్బు కట్టించి ఇప్పిస్తారని అనుకోవద్దు. అయినా ఓమ్‌విక్ నుంచి ఫోన్ వచ్చిందంటే డీలర్ల దగ్గర కదలిక వేరేగా ఉంటుంది. లోపల కూర్చుని చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ప్రైవేటుగా కారు అమ్ముకునే వ్యక్తికి ఈ నియమాలేవీ వర్తించవు. వాళ్ల దగ్గర కొన్నప్పుడు పన్ను ప్లేట్ల ఆఫీసులో మీరే కడతారు, అదీ 13 శాతమే. మీరిచ్చిన ధర, కారు హోల్‌సేల్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. మామూలు మనిషిలా నటిస్తూ వరసగా కార్లు అమ్మే కర్బ్‌సైడర్లు కూడా ఈ ప్రకటనల్లోనే తిరుగుతుంటారు. "కారు అమ్ముతున్నారట కదా" అని మాత్రమే ఫోన్‌లో అడగండి. "ఏ కారు?" అని ఎదురడిగితే ఫోన్ పెట్టేయండి.

ఆల్బెర్టాకి మారుతున్నవాళ్లు అక్కడ డీలర్లని చూసే సంస్థ ఏఎమ్‌విక్ నియమాలు చూసుకోండి, అక్కడ కూడా డీలర్ ప్రకటన ధరలో ఫీజులన్నీ కలిసే ఉండాలి, జీఎస్‌టీ మాత్రం బయట ఉంచుకోవచ్చు. క్యూబెక్‌లోనూ 2010 నుంచి పన్నులు తప్ప అన్నీ కలిపే ధర వేయాలి.